స్టీఫెన్ క్లక్స్‌టన్: గేలిక్ ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్ స్థానం మారిన తీరు

స్టీఫెన్ క్లక్స్‌టన్ (జననం: 1981 డిసెంబర్ 17) గేలిక్ ఫుట్‌బాల్‌లో ఐర్లండ్ రాజధాని డబ్లిన్ కౌంటీ జట్టుకు గోల్‌కీపర్‌గా పేరు పొందిన ఆటగాడు. నగర ఉత్తర భాగంలోని కూలాక్ అతడి ఊరు, పార్నెల్స్ అతడి క్లబ్బు. 2001లో కౌంటీ సీనియర్ జట్టులోకి వచ్చాడు. 2011, 2023 మధ్య తొమ్మిది ఆల్ ఐర్లండ్ (దేశ ఛాంపియన్‌షిప్) టైటిళ్లు గెలిచిన జట్టులో ఉన్నాడు. అందులో ఏడుసార్లు కెప్టెన్‌గా, విజేతలకిచ్చే సామ్ మగ్వైర్ కప్పు అందుకున్నది అతడే. 2019లో ఆ ఏటి ఉత్తమ ఫుట్‌బాలర్ పురస్కారం అతడికి దక్కింది. ఒక గోల్‌కీపర్‌కు ఆ గౌరవం రావడం అదే మొదటిసారి. ఈ లెక్కలు అతడు ఎంత గెలిచాడో చెబుతాయి గానీ, ఆట చరిత్రలో అతడి స్థానమేమిటో చెప్పవు. వచ్చిన బంతిని ఆపడమే పనిగా ఉన్న గోల్‌కీపర్, తరువాతి బంతి ఎవరి చేతికి చేరాలో నిర్ణయించేవాడిగా మారడం గేలిక్ ఫుట్‌బాల్‌లో గత రెండు దశాబ్దాలలో వచ్చిన అతి పెద్ద మార్పు. ఆ మార్పు అందరికన్నా ఎక్కువగా క్లక్స్‌టన్ ఆటలోనే రూపు దిద్దుకుంది. అతడి ఆటజీవితాన్ని పతకాల పట్టికగా కాక ఈ మార్పు చరిత్రగా చదివినప్పుడే దాని విలువ తెలుస్తుంది.

ఆట నేపథ్యం

గేలిక్ ఫుట్‌బాల్‌లో జట్టుకు 15 మంది. బంతిని చేత్తో పట్టవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో తోటి ఆటగాడికి కొట్టవచ్చు. మైదానం పొడవు 130 నుంచి 145 మీటర్లు. గోల్ స్తంభాల మధ్య దూరం ఆరున్నర మీటర్లు. అడ్డపట్టీ రెండున్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. బంతి అడ్డపట్టీ కింద నుంచి వలలో పడితే గోల్, దాని విలువ మూడు పాయింట్లు. పట్టీ పైనుంచి స్తంభాల మధ్యగా వెళితే, 2025 నియమాల మార్పుకు ముందు, ఎక్కడి నుంచి కొట్టినా ఒక పాయింటు. అందుకే స్కోరును 1-12 అని రాస్తారు: ఒక గోల్, పన్నెండు పాయింట్లు, మొత్తం పదిహేను. ఆటను నడిపేది 1884లో థర్ల్స్ పట్టణంలో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్. ఇందులో ఆటగాళ్లకు జీతాలు ఉండవు. 82 వేల మంది పట్టే క్రోక్ పార్క్‌లో ఆదివారం ఫైనల్ ఆడినవాడు సోమవారం తన ఉద్యోగానికి వెళతాడు. క్లక్స్‌టన్ ఉద్యోగం హైస్కూలులో సైన్సు బోధన. ఆటగాళ్లను కొనడం, అమ్మడం కూడా ఉండదు. చాలామంది జీవితమంతా సొంత కౌంటీకే ఆడతారు. ఒక జట్టు గోల్‌కీపర్‌గా ఇరవై ఏళ్లు ఒకే మనిషి నిలవడం, ఆ జట్టు ఎదుగుదలను అతడి ఎదుగుదలతో కలిపి చూడగలగడం ఈ ఏర్పాటు వల్లే సాధ్యమైంది.

ఒక జట్టు స్కోరు చేసినా, బంతి గురి తప్పి గోల్ పక్కనుంచి బయటికి పోయినా, ఎదుటి గోల్‌కీపర్ తన గోల్ ముందు నుంచి బంతిని తన్ని ఆటను తిరిగి మొదలుపెడతాడు. దాన్ని కిక్‌అవుట్ అంటారు. చాలా కాలం వరకు కిక్‌అవుట్ అంటే బంతిని వీలైనంత ఎత్తుగా, వీలైనంత దూరంగా మైదానం నడిమికి పంపడమే. అక్కడ రెండు జట్ల మిడ్‌ఫీల్డర్లు గాలిలోకి ఎగిరి దానికోసం పోటీపడతారు. 1960లలో కెర్రీ ఆటగాడు మిక్ ఓకానెల్, 1980లలో అదే కౌంటీకి చెందిన జాక్ ఓషే ఆ ఎగిరి పట్టే కళతోనే జనం మనసులో నిలిచారు. ఆ దృశ్యం అందమైనదే. కానీ లెక్క ప్రకారం చూస్తే, గోల్‌కీపర్ తన జట్టు చేతిలో ఉన్న బంతిని సగం సగం అవకాశానికి వదిలేస్తున్నాడన్నమాట. గేలిక్ ఫుట్‌బాల్‌లో స్కోర్లు తరచుగా వస్తాయి. ప్రత్యర్థి 15 సార్లు స్కోరు చేస్తే కేవలం వాటి తరువాతే 15 కిక్‌అవుట్లు, గురి తప్పిన బంతుల తరువాతవి అదనం. డెబ్బై నిమిషాల ఆటలో మరే ఆటగాడికీ బంతి ఇన్నిసార్లు, ఇంత తీరికగా, తన ఇష్టం వచ్చిన చోటికి పంపే హక్కుతో దొరకదు. ఆ హక్కు విలువను గుర్తించి, దాన్ని పూర్తిగా వాడుకోవడమే క్లక్స్‌టన్ సాధించిన పని.

కప్పు అందని పదేళ్లు

2001 ఛాంపియన్‌షిప్‌లో మొదటి ఎంపిక గోల్‌కీపర్ గాయపడటంతో క్లక్స్‌టన్‌కు చోటు దొరికింది. మరుసటి ఏడాది డబ్లిన్ లెన్‌స్టర్ ప్రాంత టైటిల్ గెలిచింది, అతడు ఆ ఏటి ఉత్తమ ఆటగాళ్లతో ప్రకటించే ఆల్ స్టార్ జట్టుకు ఎంపికయ్యాడు. అప్పటికి అతడి పేరు పాత అర్థంలోనే మోగింది: చురుకైన చూపు, దగ్గర నుంచి వచ్చిన బంతిని ఆపే నేర్పు. నిగ్రహం ఇంకా అలవడలేదు. 2003లో అర్మాతో జరిగిన మ్యాచ్‌లో ఎదుటి ఆటగాణ్ణి తన్ని మైదానం నుంచి బహిష్కృతుడయ్యాడు, డబ్లిన్ ఓడిపోయింది. తరువాతి కాలంలో ఎంతటి ఒత్తిడిలోనూ ముఖం మారని ఆటగాడిగా పేరు తెచ్చుకున్న మనిషి ఆ స్వభావంతో పుట్టలేదని, దాన్ని సాధనతో సంపాదించుకున్నాడని ఆ ఘటన గుర్తు చేస్తుంది.

ఆ దశాబ్దంలో డబ్లిన్ ఓటములను వరుసగా పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. 2002 సెమీఫైనల్లో అర్మా చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓటమి. 2006 సెమీఫైనల్లో మేయో చేతిలో ఒక్క పాయింటు. 2007లో కెర్రీ చేతిలో రెండు పాయింట్లు. 2010లో కార్క్ చేతిలో మళ్లీ ఒక్క పాయింటు. మధ్యలో 2008లో టిరోన్, 2009లో కెర్రీ చిత్తుగా ఓడించిన మాట నిజమే. 2009 క్వార్టర్‌ఫైనల్ స్కోరు 1-24, 1-7. అయినా మొత్తం మీద చూస్తే డబ్లిన్ కప్పుకు ఆమడ దూరంలో ఉన్న జట్టు కాదు, ఒకటి రెండు బంతుల దూరంలో ఆగిపోతున్న జట్టు. ఆ కాలంలోనే క్లక్స్‌టన్ 2006, 2007లలో మరో రెండుసార్లు ఆల్ స్టార్ అయ్యాడు. అంటే గోల్‌కీపర్ నైపుణ్యం జట్టు విజయాలకన్నా ముందే ఉంది. దాన్ని వాడుకునే అమరికే ఇంకా కుదరలేదు.

2011, ఆ తరువాత

పాట్ గిల్‌రాయ్ మేనేజర్‌గా ఉన్న 2009–12 కాలంలోనూ, జిమ్ గావిన్ నడిపిన 2013–19 కాలంలోనూ ఆ అమరిక కుదిరింది. పద్ధతి వినడానికి తేలిక. ప్రత్యర్థి స్కోరు చేసి తిరిగి తన చోటికి చేరుకునే కొద్ది సెకన్లలోనే క్లక్స్‌టన్ బంతిని పెట్టి తన్నేవాడు. ఎత్తుగా కాక, గాలిలో తక్కువ సేపు ఉండేలా చదునుగా, పక్క గీత వైపు పరుగెత్తుతున్న డిఫెండర్ ఛాతీకి అందేలా పంపేవాడు. ప్రత్యర్థి ఫార్వర్డ్‌లు ఈ పొట్టి బంతుల్ని అడ్డుకోవడానికి ముందుకొస్తే వారి వెనుక ఖాళీ ఏర్పడుతుంది, బంతి అక్కడికి వెళుతుంది. వారు వెనక్కి తగ్గితే దగ్గరి మనిషి ఖాళీగా ఉంటాడు. మిడ్‌ఫీల్డర్లు తమను కాపలా కాసేవారిని పక్కకు లాగి దారి తెరిచేవారు. ప్రతి కిక్‌అవుట్‌కూ ముందు మైదానాన్ని చదవడం, ఎంచుకోవడం, ఎంచుకున్న చోటికి గజం అటూ ఇటూ కాకుండా పంపడం అన్న మూడు పనులు ఉన్నాయి. మూడింటిలో ఏది తప్పినా బంతి సొంత గోల్ ముందే ప్రత్యర్థికి దొరుకుతుంది. కాబట్టి ఇది జాగ్రత్తపరుడి ఆట కాదు. తన కాలి మీద గట్టి నమ్మకం ఉన్నవాడు మాత్రమే ఏటా ఆడగలిగే ఆట.

2011 సెప్టెంబర్ 18న కెర్రీతో జరిగిన ఫైనల్‌ను ప్రజలు వేరే కారణానికి గుర్తుంచుకుంటారు. ఆట ఆగిన సమయానికి బదులుగా కలిపిన చివరి నిమిషాలు నడుస్తున్నాయి, స్కోర్లు సమానం. తమ ఆటగాడు కెవిన్ మెక్‌మానమన్‌పై జరిగిన ఫౌల్‌కు డబ్లిన్‌కు ఫ్రీ కిక్ దొరికింది. గోల్‌కీపర్ తన గోల్ వదిలి మైదానం పొడవునా నడిచి వచ్చి బంతిని స్తంభాల మధ్యగా పంపాడు. 1-12, 1-11. పదహారేళ్ల తరువాత, 1995 తరువాత మొదటిసారి, కప్పు డబ్లిన్‌కు వచ్చింది. ఆ కిక్ అతడికి కీర్తి తెచ్చింది. కానీ అది వేరే ఏదో ప్రతిభ కాదు, కిక్‌అవుట్లలో కనిపించే గురే మరో రూపంలో కనబడింది. దాని తరువాతి ఫైనళ్లను చూడండి: 2013లో మేయోపై ఒక్క పాయింటు తేడాతో గెలుపు, 2016లో మేయోపై రీప్లేలో ఒక్క పాయింటు, 2017లో మళ్లీ మేయోపై ఒక్క పాయింటు. పదేళ్లపాటు ఒక్క పాయింటుతో ఓడిన జట్టు, తరువాతి పదేళ్లు ఒక్క పాయింటుతో గెలిచింది. తేడా ఇంత సన్నగా ఉన్నచోట, ఆటకు మూడు నాలుగు బంతులు అదనంగా తమ చేతిలో ఉంచుకోగల జట్టు గెలుపు వైపు ఒరుగుతుంది. ఆ అదనపు బంతులకు మూలం గోల్‌కీపర్ కాలు.

2015 నుంచి 2019 వరకు డబ్లిన్ వరుసగా ఐదు టైటిళ్లు గెలిచింది. 1982లో కెర్రీకి చివరి నిమిషాల్లో ఆఫలీ చేతిలో చేజారిన ఘనత అది. 2019 ఫైనల్ మొదటి మ్యాచ్‌లో జానీ కూపర్ బహిష్కరణతో 14 మందితో మిగిలిన డబ్లిన్ 1-16, 1-16తో సమంగా నిలవగలిగింది. అందులో కెర్రీ ఆటగాడు పాల్ గీనీ కొట్టిన పెనాల్టీని క్లక్స్‌టన్ ఆపడం కీలకమైంది. కొత్త పనిలో పడి పాత పనిని అతడు మరచిపోలేదనడానికి ఇదొక రుజువు. రీప్లేలో 1-18, 0-15తో గెలుపు వచ్చింది. 2020 డిసెంబర్‌లో, కరోనా కారణంగా ప్రేక్షకులు లేని క్రోక్ పార్క్‌లో, వరుసగా ఆరో టైటిల్ అందింది.

అభ్యంతరాలు, వాటి బలం

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం గట్టిదే. డబ్లిన్ జనాభా 14 లక్షలు దాటింది. లీట్రిమ్ కౌంటీ జనాభా 35 వేలు. ఆటగాళ్లను జీతాలతో కొనలేని క్రీడలో జనసంఖ్యే పెట్టుబడి. దానికి తోడు యువ ఆటగాళ్ల శిక్షణ కోసం అసోసియేషన్ ఇచ్చిన నిధుల్లో డబ్లిన్‌కు దక్కిన వాటాపై ఐర్లండ్‌లో ఏళ్ల తరబడి చర్చ సాగింది. ఇంత బలం ఉన్న జట్టులో ఏ మంచి గోల్‌కీపర్ అయినా పతకాలు గెలిచేవాడు కదా? పతకాల సంఖ్య వరకు ఈ మాటను ఒప్పుకోవాలి. లీట్రిమ్‌లో పుట్టి ఉంటే క్లక్స్‌టన్‌కు తొమ్మిది ఆల్ ఐర్లండ్ టైటిళ్లు వచ్చేవి కావు. కానీ డబ్లిన్ జనాభా 2001లోనూ పెద్దదే, 1995 తరువాత పదహారేళ్లపాటూ పెద్దదే. ఆ కాలంలో కప్పు రాలేదు. జనాభా మంచి ఆటగాళ్లను సమకూరుస్తుంది. దగ్గరి మ్యాచ్‌లో ఆఖరి పది నిమిషాలు బంతి ఎవరి దగ్గర ఉండాలో అది నిర్ణయించదు. పైగా ఇక్కడి వాదన పతకాల గురించి కాదు, ఒక స్థానం స్వరూపం గురించి. ఆ స్వరూపాన్ని జనాభా మార్చలేదు.

రెండో అభ్యంతరం: పొట్టి కిక్‌అవుట్ క్లక్స్‌టన్ కనిపెట్టినది కాదు, అతడి కాలంలోనే మరికొందరు గోల్‌కీపర్లు ఆ దారిలో ఉన్నారు, దాన్ని ఒక పద్ధతిగా మలచినది కోచ్‌లు, అందుకునే ఆటగాళ్లు. ఇదీ నిజమే. బంతిని అందుకోవడానికి మనిషి పరుగెత్తకపోతే గొప్ప కిక్ కూడా గీత దాటిపోతుంది. కానీ క్రీడల్లో ఒక పద్ధతి మొదట ఎవరికి తట్టిందన్నదానికన్నా, దాన్ని అందరూ అనుసరించక తప్పని స్థాయికి ఎవరు తీసుకెళ్లారన్నదే చరిత్రకు ముఖ్యం. ఒకటి రెండు సీజన్లు పనిచేసిన ఎత్తులు చాలా ఉంటాయి. ప్రత్యర్థులందరూ వీడియోలు చూసి, కొలిచి, అడ్డుకట్టలు తయారు చేసుకున్న తరువాత కూడా పదేళ్లకు పైగా పనిచేయించినవాడు క్లక్స్‌టన్.

మూడో అభ్యంతరం వైఫల్యాల గురించి. 2014 సెమీఫైనల్లో జిమ్ మెగిన్నిస్ తీర్చిదిద్దిన డొనెగాల్ 3-14, 0-17తో డబ్లిన్‌ను ఓడించింది. 2016 సెమీఫైనల్ మొదటి సగంలో కెర్రీ ముందుకొచ్చి కిక్‌అవుట్లను చుట్టుముట్టింది. విరామానికి ముందు కొద్ది నిమిషాల్లోనే ఆట తలకిందులై డబ్లిన్ ఐదు పాయింట్లు వెనుకబడింది. అంటే ఈ ఆయుధానికి విరుగుడు ఉంది, అది విరిగినప్పుడు గాయం లోతుగానే తగులుతుంది. దీన్ని దాచవలసిన పనిలేదు. అయితే ఆ తరువాత ఏం జరిగిందో కూడా చూడాలి. 2016 మ్యాచ్ రెండో సగంలో డబ్లిన్ తేరుకుని 0-22, 2-14తో గెలిచింది. 2014 తరువాత మరుసటి ఏడాది నుంచే ఆరు వరుస టైటిళ్లు మొదలయ్యాయి. విఫలమైన పద్ధతిని వదిలి పాత పొడవైన కిక్‌లకు వెళ్లిపోలేదు. అదే పద్ధతిలో మరిన్ని దారులు చేర్చుకున్నారు. ఒక కిక్‌అవుట్ దొంగిలించబడిన తరువాత మళ్లీ అంతే ప్రమాదకరమైన తరువాతి కిక్‌ను అదే ముఖంతో తన్నగలగడం కాలి బలం వల్ల వచ్చేది కాదు. 2003లో నిగ్రహం కోల్పోయిన కుర్రవాడు ఈలోగా దాన్ని తన ఆటలో ప్రధాన గుణంగా మార్చుకున్నాడు.

2023 పునరాగమనం

2020 ఫైనల్ తరువాత క్లక్స్‌టన్ జట్టుకు దూరమయ్యాడు. రిటైర్మెంట్ సభలు, వీడ్కోలు ప్రకటనలు లేవు. పత్రికలతో మాట్లాడటం మొదటి నుంచీ అతడికి ఇష్టం లేదు. డబ్లిన్ 2021 సెమీఫైనల్లో అదనపు సమయం ఆడి మేయో చేతిలో ఓడింది. 2022 సెమీఫైనల్లో చివరి క్షణాల్లో కెర్రీ ఆటగాడు షాన్ ఓషే కొట్టిన ఫ్రీ కిక్‌తో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. 2023 వసంతంలో, 41 ఏళ్ల వయసులో, డెస్సీ ఫారెల్ శిక్షణలోని జట్టులోకి క్లక్స్‌టన్ తిరిగి వచ్చాడు. జూలై 30న కెర్రీపై 1-15, 0-13తో ఫైనల్ గెలిచిన జట్టుకు గోల్‌కీపర్ అతడే. ఆ రోజుతో క్లక్స్‌టన్, జేమ్స్ మెకార్తీ, మైకేల్ ఫిట్జ్‌సిమన్స్ తొమ్మిది ఆల్ ఐర్లండ్ ఫుట్‌బాల్ పతకాలు గెలిచిన తొలి ముగ్గురయ్యారు. పాట్ స్పిలేన్ వంటి ఐదుగురు కెర్రీ ఆటగాళ్ల ఎనిమిది పతకాల రికార్డు అంతవరకు ఎవరూ దాటలేదు.

అతడు లేని రెండేళ్లు ఓటమి, వచ్చిన ఏడాది గెలుపు అన్నది వాదనకు ఎంతో అనుకూలంగా కనిపించే వరుస. దాన్ని అంతటితో రుజువుగా తీసుకోకూడదు. అదే ఏడాది పాల్ మానియన్, జాక్ మెకాఫ్రీ కూడా జట్టుకు తిరిగి వచ్చారు; గిల్‌రాయ్ శిక్షణ బృందంలో చేరాడు. ఎవరి వల్ల ఎంత లాభం కలిగిందో విడదీయడం కుదరదు. 2023 నిరూపించేది మరొకటి. రెండేళ్ల విరామం తరువాత, నలభై దాటిన మనిషిని ఆటలోకెల్లా అత్యున్నత స్థాయి మ్యాచ్‌కు ఒక పెద్ద జట్టు ఎంచుకుందంటే, ఆ స్థానంలో వారు వెతుకుతున్నది ఎగిరి దూకే శరీరాన్ని మాత్రమే కాదు. మైదానాన్ని చదవగల బుర్ర, చదివిన చోటికి బంతి పంపగల కాలు వారికి కావాలి. ఈ రెండూ వయసుతో త్వరగా తరిగిపోవు. గోల్‌కీపర్ పని మారకపోయి ఉంటే ఈ పునరాగమనమే జరిగేది కాదు.

నియమాలపై, తరువాతి తరంపై ప్రభావం

తరువాతి గోల్‌కీపర్లు ఈ దారిని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. మొనహన్ జట్టు రోరీ బెగ్గన్, 2021లో టిరోన్‌తో ఆల్ ఐర్లండ్ గెలిచిన నీల్ మోర్గన్ దూరపు ఫ్రీ కిక్‌లు కొట్టడమే కాక, ఆట నడుస్తుండగానే గోల్ వదిలి మైదానంలోకి వచ్చి అదనపు ఆటగాళ్లుగా దాడిలో కలిశారు. క్లక్స్‌టన్ అలా తిరిగే గోల్‌కీపర్ కాదు, ఎక్కువగా తన గోల్ దగ్గరే నిలిచాడు. అయినా గోల్‌కీపర్‌ను దాడిలో భాగంగా చూడవచ్చన్న ఆలోచనకు జనామోదం తెచ్చింది అతడి విజయాలే.

నియమాలు రాసేవారు కూడా దీన్ని పట్టించుకోక తప్పలేదు. కిక్‌అవుట్‌ను మైదానం నడిమి వరకు పంపించే ఆటను కాపాడటానికి 2017లో ఒక నియమం వచ్చింది: కిక్‌అవుట్ బంతిని 45 మీటర్ల గీత దగ్గర గానీ దాని అవతల గానీ శుభ్రంగా పట్టినవాడికి ఆగి ఫ్రీ కిక్ కొట్టే హక్కు. 2025 సీజన్‌లో మార్పులు మరింత లోతుగా వచ్చాయి. కిక్‌అవుట్ 40 మీటర్ల వంపుగీత దాటి వెళ్లాలన్నారు. సొంత సగంలో గోల్‌కీపర్‌కు బంతిని వెనక్కి ఇవ్వడంపై ఆంక్షలు పెట్టారు. ఆ మార్పులు రూపొందించిన సమీక్ష సంఘానికి అధ్యక్షుడు జిమ్ గావిన్. క్లక్స్‌టన్ కిక్‌అవుట్లతో ఐదు వరుస టైటిళ్లు గెలిచిన మేనేజరే, ఆ కిక్‌అవుట్లలో సగం దారుల్ని మూసే నియమాలకు నాయకత్వం వహించాడు.

ఇక్కడే చివరి అభ్యంతరం ఎదురవుతుంది. పోటీ లేకుండా బంతిని తమ దగ్గరే ఉంచుకునే ఆట చూసేవారికి విసుగు పుట్టించింది, గాలిలో ఎగిరి పట్టే పాత అందాన్ని చంపింది, కాబట్టి క్లక్స్‌టన్ ప్రభావం ఆటకు మేలు చేయలేదని చెప్పేవారు ఉన్నారు. విసుగు పుట్టిన మాట నిజం. కొత్త నియమాలు రావడమూ మంచిదే. కానీ ఆ విసుగుకు ప్రధాన కారణం కిక్‌అవుట్ కాదు. పదిహేను మందినీ సొంత గోల్ ముందు పేర్చే రక్షణ వ్యూహాలు, వాటికి విరుగుడుగా అడ్డంగా చేతులు మారే అంతులేని పాస్‌లు దానికి ఎక్కువ కారణం. క్లక్స్‌టన్ కిక్‌లు వేగంగా ఆట మొదలుపెట్టాయి. ప్రత్యర్థి సర్దుకోకముందే డబ్లిన్‌ను దాడికి పంపాయి. ఆట మందగించడానికి అవి కారణమైతే, అనుకరించినవారి చేతుల్లో అయ్యాయి.

అంచనా

ఏ ఆటలోనైనా గొప్ప ఆటగాళ్లు రెండు రకాలు. ఉన్న పనిని అందరికన్నా బాగా చేసేవారు మొదటి రకం. పని ఏమిటో మార్చేసేవారు రెండో రకం, వీరు అరుదు. నిలకడ, సుదీర్ఘకాలం, పతకాలు చూస్తే క్లక్స్‌టన్ మొదటి రకానికి చెందుతాడు. కానీ అతడి తరువాత వచ్చిన ప్రతి కౌంటీ గోల్‌కీపర్‌నూ మొదట కాలితో, తరువాతే చేతులతో కొలుస్తున్నారు. కోచ్‌లు కిక్‌అవుట్ల కోసం ప్రత్యేక సాధన పెడుతున్నారు. పాలకులు దాన్ని అదుపు చేయడానికి నియమాలు తిరగరాస్తున్నారు. ఒక్క ఆటగాడి ప్రభావానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు. డబ్లిన్ బలం అతడికి తోడైంది, మంచి మేనేజర్లు దొరికారు, పరుగెత్తి అందుకునే సహచరులు దొరికారు. అవన్నీ ఉన్నా, బంతిని కింద పెట్టి, మైదానం మొత్తం చూసి, ఎటు పంపాలో ఎంచుకునే బాధ్యత ప్రతిసారీ ఒక్కడిదే. జీతం లేని ఆటలో, బడిలో పాఠాలు చెప్పుకుంటూ, ఆ బాధ్యతను రెండు దశాబ్దాలకు పైగా మోసిన క్లక్స్‌టన్‌ను గేలిక్ ఫుట్‌బాల్ చరిత్రలో అత్యంత ప్రభావశీలి అయిన గోల్‌కీపర్‌గా పరిగణించడం న్యాయం.